ట్రినిడాడ్ మధ్య, దక్షిణ ప్రాంతాల్లో ఏమేమి చూడవచ్చు? పెద్దవాళ్లతో ప్రయాణం

గోదారిగట్టు:

సభ్యులందరికీ నమస్కారం. మార్చి నెలాఖరున అమ్మానాన్నలను వెంటబెట్టుకుని ట్రినిడాడ్ వెళ్లాలనుకుంటున్నాము. మేము టొరంటోలో ఉంటాము. వారు రాజమహేంద్రవరం నుంచి వచ్చి ప్రస్తుతం మా దగ్గరే ఉన్నారు. పోర్ట్ ఆఫ్ స్పెయిన్ గురించి, ఉత్తర తీరపు బీచుల గురించి, టొబాగో గురించి ఎక్కడ వెతికినా సమాచారం దొరుకుతోంది కాబట్టి వాటిని ఇక్కడ అడగను. నాకు కావలసింది ద్వీపపు పడమటి వైపు, అంటే కరోనీ చిత్తడి నేలల నుంచి షగ్వానాస్, కూవా, సాన్ ఫెర్నాండో మీదుగా లా బ్రే, సిపారియా దాకా ఉన్న ప్రాంతం. మాకు టికెట్లు ఇప్పిస్తున్న ఏజెంటు "అటువైపు చూడటానికి ఏమీ లేదండీ, చెరకు తోటలూ ఫ్యాక్టరీలూ తప్ప" అని తేల్చేశారు. నాన్నగారు మాత్రం ఆ చెరకు తోటల కోసమే అటు వెళ్దామంటున్నారు. ఆయన చరిత్ర మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. మోకాళ్ల నొప్పుల వల్ల ఎక్కువ దూరం నడవలేరు. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. ఈ రెండూ దృష్టిలో పెట్టుకుని అనుభవజ్ఞులు సలహా ఇవ్వగలరు.

కుసుమ (సెయింట్ ఆగస్టీన్):

గోదారిగట్టు గారూ, మీ నాన్నగారి ఆలోచనే సరైనదని మొదట చెప్పి ఆ తరువాత వివరాల్లోకి వెళ్తాను. మావారి ఉద్యోగరీత్యా మేము ట్రినిడాడ్‌లోనే చాలాకాలంగా ఉంటున్నాము. ఇంటికి వచ్చిన చుట్టాలను ఉత్తరాన బీచికి ఒక పూట తీసుకువెళ్లి, మిగిలిన సమయమంతా మీరు చెప్పిన పడమటి దారిలోనే తిప్పుతాము.

ఈ ప్రాంతాన్ని అర్థం చేసుకోవాలంటే ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే చాలు. 1845 మే 30న ఫతేల్ రజాక్ అనే ఓడ 225 మంది భారతీయ ఒప్పంద కూలీలతో ఇక్కడికి చేరింది. బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటల్లో పనివాళ్లు దొరక్క, 1917 వరకు 1,40,000కు పైగా మనుషులను ఇలాగే తెచ్చారు. తోటలన్నీ ఈ పడమటి మైదానంలోనే ఉండేవి కనుక గడువు తీరాక వారు స్థిరపడిందీ ఇక్కడే. మీరు హైవే దిగి ఏ పల్లెలోకి వెళ్లినా ఇంటి ముందు ఒక మూల వెదురు గడలకు కట్టిన ఎరుపు, పసుపు, తెలుపు జెండాలు కనిపిస్తాయి. వాటిని ఝండీలు అంటారు. ఇంట్లో పూజ జరిగినప్పుడల్లా ఒక కొత్త గడ పాతుతారు, పాతదాన్ని పీకరు. ఎండకు వెలిసిపోయిన గుడ్డలు, నిన్న కట్టిన గుడ్డలు పక్కపక్కనే ఎగురుతూ ఉంటాయి. ఏ దేవుడికి ఏ రంగో అడిగితే ఇంటివాళ్లు సంతోషంగా చెబుతారు. మీ నాన్నగారికి ఏ మ్యూజియం కన్నా ముందు వీటిని చూపించండి.

ఇక చెరకు సంగతి. ప్రభుత్వరంగంలోని కరోనీ చక్కెర సంస్థను 2003లో మూసివేశారు. అందువల్ల ఏజెంటు గారు చెప్పిన చెరకు తోటలు ఇప్పుడు చాలావరకు లేవు. కొన్నిచోట్ల కూరగాయల మళ్లు, కొన్నిచోట్ల ఇళ్ల స్థలాలు, మిగిలినచోట్ల ఉత్త పొదలు. అదీ చూడదగినదే, కాకపోతే దాన్ని చూపించే బోర్డు ఎక్కడా ఉండదు.

బస సాన్ ఫెర్నాండోలో పెట్టుకోవచ్చు, షగ్వానాస్‌లోనూ పెట్టుకోవచ్చు. నా ఓటు షగ్వానాస్‌కు. విమానాశ్రయం దగ్గర, కరోనీ పడవలు దగ్గర, కారపిచైమా గుళ్లు దగ్గర. దక్షిణానికి ఒకటి రెండు రోజులు పొద్దున్నే బయలుదేరి సాయంత్రానికి తిరిగి రావచ్చు.

దత్తపాదుక:

కుసుమ గారు గుళ్ల ప్రస్తావన తెచ్చారు కాబట్టి ఆ భాగం నేను అందుకుంటాను.

కారపిచైమాలోని ఆరెంజ్ ఫీల్డ్ రోడ్డు మీద దత్తాత్రేయ యోగ కేంద్రం ఉంది. మైసూరు అవధూత దత్తపీఠానికి చెందిన శ్రీ గణపతి సచ్చిదానంద స్వామీజీ ఆధ్వర్యంలో వెలసిన ఆలయం ఇది. స్వామీజీకి ఆంధ్ర, తెలంగాణ జిల్లాల్లో ఎంతమంది శిష్యులు ఉన్నారో ఇక్కడ చెప్పనక్కరలేదు. ఆలయం ద్రావిడ శైలిలో ఉంటుంది. ఉత్తర భారత పద్ధతిలో కట్టిన గుళ్లు, మందిరాలే ఎక్కువగా కనిపించే ఆ ప్రాంతంలో గోపురం చూడగానే మనవాళ్లకు ప్రాణం లేచివస్తుంది. ఆవరణలో 85 అడుగుల కార్యసిద్ధి హనుమంతుడి విగ్రహం 2003లో ప్రతిష్ఠించారు. విజయవాడ దగ్గర పరిటాలలో 135 అడుగుల ఆంజనేయస్వామి వెలసిందీ ఆ సంవత్సరమే. పరిటాలలో విగ్రహం హైవే పక్కన లారీల హోరులో ఉంటుంది. ఇక్కడ చుట్టూ పల్లె, ఎదురుగా ఖాళీ నేల, దూరం నుంచి స్వామి తలా భుజాలూ మాత్రం చెట్లపై నుంచి కనిపిస్తాయి. ప్రదక్షిణ చేసే చోటు చదునుగా ఉంటుంది కనుక మీ నాన్నగారికి మోకాళ్లతో ఇబ్బంది ఉండదు. మధ్యాహ్నం రాతి పలకలు కాలుతాయి, ఉదయమే వెళ్లండి.

అక్కడి నుంచి కారులో కొద్ది నిమిషాలు వెళ్తే వాటర్‌లూ గ్రామంలో సముద్రంలోని శివాలయం. దాని కథ తెలియకుండా చూస్తే అది ఒడ్డు నుంచి ఒక కట్ట మీద నడిచి చేరుకునే చిన్న తెల్లటి గుడి, అంతే. శివదాస్ సాధు అనే చెరకు కూలీ 1940ల చివర తీరంలో ఒక గుడి కట్టుకున్నాడు. ఆ నేల చక్కెర కంపెనీది. గుడి తీసేయమన్నారు, ఆయన తీయలేదు. 14 రోజులు జైల్లో పెట్టారు, 1952లో గుడిని పడగొట్టారు. భూమి మీద చోటు లేదన్నారు కాబట్టి, ఎవరిదీ కాని సముద్రంలో కడతానని బయలుదేరి, సైకిలుకు బకెట్లు తగిలించుకుని రాళ్లు, సిమెంటు మోసుకెళ్లి, పోటు తగ్గినప్పుడల్లా బురదలో పోస్తూ దాదాపు 25 ఏళ్లు ఆ పనే చేశాడు. అలల తాకిడికి అదీ శిథిలమైంది. భారతీయులు వచ్చి 150 ఏళ్లయిన సందర్భంగా 1995లో ప్రభుత్వ సాయంతో ఇప్పుడున్న గుడిని, కట్టను నిర్మించారు. ఒడ్డున ఆయన విగ్రహం ఉంది.

ఒక ముఖ్యమైన సూచన. గుడికి ఆనుకుని ఉన్న తీరంలోనే దహన సంస్కారాలు జరుగుతాయి. చితి కనిపిస్తే కెమెరాలు పక్కన పెట్టడం మర్యాద. గర్భగుడి తలుపులు రోజంతా తీసి ఉండవు. అయినా కట్ట మీద చివరి దాకా నడవవచ్చు.

కుసుమ (సెయింట్ ఆగస్టీన్):

దత్తపాదుక గారూ, చాలా బాగా చెప్పారు. ఒక్కటి చేరుస్తాను. ఆటు సమయంలో వెళ్తే గుడి చుట్టూ సముద్రం ఉండదు, కనుచూపు మేర బురద ఉంటుంది. ఫొటోలు చూసి వెళ్లిన చాలామంది అక్కడ మొహం చిన్నబుచ్చుకుంటారు. నాకైతే ఆ బురదే ఇష్టం. తీరపక్షులు వందల సంఖ్యలో దిగి మేస్తూ ఉంటాయి, సాధు ఏ నేల మీద ఎంత దూరం రాళ్లు మోశాడో కళ్లకు కట్టేదీ అప్పుడే. ఆటుపోట్ల వేళలు ముందుగా చూసుకుని, రెండింటిలో మీకు ఏది కావాలో ఎంచుకోండి.

వాటర్‌లూ రోడ్డు మీదే ఇండియన్ కరీబియన్ మ్యూజియం ఉంది. 2006లో తెరిచారు. చిన్నదే, కానీ తోటల కాలం నాటి వంటపాత్రలు, వెండి నగలు, వాయిద్యాలు, పాత ఫొటోలు ఉన్నాయి. వెళ్లే ముందు ఫోన్ చేసి తెరిచి ఉంటుందో లేదో కనుక్కోండి.

పాతబస్తీ:

అందరికీ ఆదాబ్. మ్యాపు చూస్తుంటే సాన్ ఫెర్నాండోకు దక్షిణంగా గోల్కొండ అనే ఊరు కనిపించింది. నిజంగా మన గోల్కొండేనా? అక్కడికి హైదరాబాదీలు ఎవరైనా వెళ్లారా? మద్రాసు నుంచి వెళ్లిన కూలీల్లో తెలుగువారు ఉన్నారని చదివాను.

శిలాజీవి:

పాతబస్తీ గారూ, ఊరు ఉన్నమాట నిజం, హైవే మీద గోల్కొండ అనే బోర్డు కూడా కనిపిస్తుంది. అయితే పేరు చూసి తెలుగువారి నివాసమని నిర్ధారించలేము. గోల్కొండ వజ్రాల ఖ్యాతి వల్ల ఆ మాట ఇంగ్లీషువారికి అంతులేని సంపదకు మారుపేరు అయింది; అమెరికాలోనూ ఆ పేరుతో ఊళ్లు ఉన్నాయి. ట్రినిడాడ్‌లోనే ఫైజాబాద్, బారక్‌పూర్, హిందుస్థాన్, కలకత్తా సెటిల్‌మెంట్, మద్రాస్ సెటిల్‌మెంట్ అనే పేర్లు కనిపిస్తాయి.

కూలీల విషయానికి వస్తే, అత్యధికులు కలకత్తా రేవు నుంచి, అంటే నేటి ఉత్తరప్రదేశ్, బీహార్ జిల్లాల నుంచి వచ్చినవారు. మద్రాసు ఓడలు ప్రధానంగా తొలి రెండు దశాబ్దాల్లో వచ్చాయి, సంఖ్య కొద్ది వేలే. వాటిలో తమిళులతో పాటు తెలుగువారూ ఉన్నారు, కానీ భాష నిలవలేదు. మిగిలినదల్లా మద్రాసీ అనే మాట, కాళీమాయి పూజలు, నిప్పుల గుండం తొక్కే ఆచారం. తెలుగు వినబడుతుందని ఆశపెట్టుకుని వెళ్లవద్దు.

ఇప్పుడు నాకు ఇష్టమైన విషయం. దక్షిణానికి వెళ్లేది తారు సరస్సు కోసం అయితే ఒక పూట పూర్తిగా దానికే కేటాయించండి. లా బ్రే ఊరి పక్కన దాదాపు 100 ఎకరాల విస్తీర్ణంలో, నడుమ 75 మీటర్ల దాకా లోతుగా సహజంగా ఏర్పడిన తారు ఉంది. ప్రపంచంలో ఇంత పెద్ద సహజ తారు నిక్షేపం మరొకటి లేదు. భూమి పొరల్లోని చీలికల వెంట చమురు పైకి ఊరుతుంది. తేలికైన భాగాలు ఆవిరై, బరువైనది బంకమట్టితో, నీటితో కలిసి ఇలా నిలుస్తుంది. తవ్వి తీసిన గుంట కొన్నాళ్లకు తనంతట తానే పూడుకుంటుంది, ఎందుకంటే మొత్తం రాశి చాలా నెమ్మదిగా కదులుతూనే ఉంటుంది. ఎప్పుడో మునిగిన చెట్ల మొద్దులు పైకి తేలుతాయి, కొన్నాళ్లకు మళ్లీ మునుగుతాయి. ఊళ్లోకి వెళ్లి ఇళ్లను గమనించండి. నేల అడుగున తారు జరగడం వల్ల గోడలు ఒరిగి, మెట్లకూ గుమ్మానికీ మధ్య జానెడు సందు పడిన ఇళ్లు ఉంటాయి. మనుషులు వాటిలోనే కాపురం ఉంటున్నారు.

1595లో సర్ వాల్టర్ రాలీ తన ఓడల సందులకు ఈ తారే పూయించి, నార్వే తారులా ఎండకు కరగదని మెచ్చుకున్నాడు. వాషింగ్టన్‌లోని పెన్సిల్వేనియా అవెన్యూకు 1876లో వేసిన తారు ఇక్కడిదే. ఇప్పటికీ తవ్వకం, ఎగుమతి సాగుతున్నాయి.

మెతుకుసీమ:

శిలాజీవి గారి ఉత్సాహానికి నీళ్లు చల్లాలని కాదు గానీ, మామూలు మనిషి దృష్టితో ఒక మాట చెప్పాలి. తారు సరస్సును మొదటిసారి చూస్తే వర్షం వెలిసిన పెద్ద బస్టాండు ఆవరణలా ఉంటుంది. మా పిల్లలు "సరస్సు ఎక్కడ?" అని అడిగారు. గైడు మంచివాడు కాబట్టి సరిపోయింది. లేకపోతే పది నిమిషాల్లో తిరిగి వచ్చేవాళ్లం. ఎండకు కింద నుంచి సెగ కొడుతుంది, నీడ లేదు, పెద్దవాళ్లు ఎక్కడ కూర్చోవాలి? ఆ సమయం కరోనీకి ఇస్తే మేలు.

కరోనీ మడ అడవుల్లో సాయంత్రం నాలుగింటి ప్రాంతంలో పడవలు బయలుదేరుతాయి. సన్నటి కాలువల్లో నీటి మీదికి దిగిన మడచెట్ల వేళ్ల మధ్య నుంచి వెళ్తూ, కొమ్మకు చుట్టుకుని నిద్రపోతున్న కొండచిలువ జాతి పాములను, అదృష్టం ఉంటే ఉండచుట్టుకున్న, పట్టులాంటి బొచ్చు గల చిన్న చీమలదిండిని చూపిస్తారు. తరువాత కాలువ ఒక్కసారిగా విశాలమైన మడుగులోకి తెరుచుకుంటుంది. పడవను ఒక వార కట్టేసి, ఇంజను ఆపేస్తారు. సూర్యుడు వాలుతుండగా స్కార్లెట్ ఐబిస్ పక్షులు, అవి ఆ దేశపు జాతీయ పక్షులు, గుంపులు గుంపులుగా వచ్చి ఎదుటి లంక మీద వాలుతాయి. మొదట ఆకుపచ్చ చెట్లపై అక్కడక్కడా ఎర్ర చుక్కలు. అరగంటలో చెట్టు ఏదో పక్షి ఏదో తెలియనంతగా లంక ఎరుపెక్కుతుంది. పుట్టుకతో వాటికి ఆ రంగు ఉండదు. పిల్లలు బూడిద రంగులో ఉంటాయి, ఎండ్రకాయలు, రొయ్యలు తిని తిని ఎర్రబడతాయి. ఈమధ్య ఫ్లెమింగోలు కూడా అక్కడ చేరుతున్నాయి.

ఒకప్పుడు ఈ పక్షులను మాంసం కోసం దొంగచాటుగా వేటాడేవారు. 2018లో ప్రత్యేక రక్షణ కల్పించి, చంపినవారికి లక్ష ట్రినిడాడ్ డాలర్ల జరిమానా, రెండేళ్ల జైలు విధించేలా చట్టాన్ని కఠినం చేశారు.

శిలాజీవి:

మెతుకుసీమ గారూ, బస్టాండు ఆవరణ అన్న మాట ఒప్పుకుంటాను, అంచున నిలబడి చూస్తే అలాగే ఉంటుంది. లోపలికి నడిస్తే కథ వేరు. కాలి కింద నేల దిండులా అణుగుతుంది, ఒకేచోట నిలబడితే చెప్పు చుట్టూ పల్లం పడుతుంది. ముడతల మధ్య నిలిచిన వాననీటిలో కలువలు పూస్తాయి, చేపపిల్లలు ఈదుతాయి. కొన్ని మడుగుల్లో గంధకం ఉంటుంది. చర్మవ్యాధులకు మంచిదని స్థానికులు మునుగుతారు. కర్రతో ఒకచోట గుచ్చి పైకి లాగితే నల్లటి తీగ సాగుతుంది. మెత్తని చోట్లు పైకి గట్టినేలలాగే కనిపిస్తాయి కాబట్టి గైడు లేకుండా అడుగు పెట్టకూడదు. గేటు బయట ఎవరో ఒకరు వెంటపడతారు, వారితో వెళ్లకుండా లోపల సందర్శకుల కేంద్రంలో అడిగి గైడును తీసుకోండి.

ఇక అక్కడి ఆదివాసుల కథ ఒకటుంది. చైమా తెగవారు ఒక విజయోత్సవంలో హమ్మింగ్‌బర్డ్ అనే చిట్టి పిట్టలను వండుకు తిన్నారట. ఆ పిట్టలు పితరుల ఆత్మలు కావడంతో దేవుడికి కోపం వచ్చి, భూమిని చీల్చి ఊరంతటినీ తారులో ముంచేశాడని చెబుతారు. ఏ గైడైనా ఈ కథతోనే మొదలుపెడతాడు.

పెద్దవాళ్లు ఎండలో నడవలేరన్నది నిజమే. ఉదయం తొమ్మిదిలోపు చేరితే ఆ బాధ తగ్గుతుంది. మార్చి పొడి కాలం కనుక నీటి మడుగులు తక్కువ, నడవడానికి చోటు ఎక్కువ.

గోదారిగట్టు:

అందరికీ కృతజ్ఞతలు. తారు సరస్సు విషయంలో ఇద్దరి వాదనా నాన్నగారికి చదివి వినిపించాను. "ఇళ్లు ఒరిగిపోయాయట, అది చూడాలి" అన్నారు. కనుక అది ఖాయం. మూడు సందేహాలు మిగిలాయి. అమ్మకు తిండి ఎలా? కారు అద్దెకు తీసుకోవాలా, టాక్సీలు చాలా? భద్రత గురించి వార్తల్లో చదివినవి చూస్తే కొంచెం బెరుకుగా ఉంది.

కుసుమ (సెయింట్ ఆగస్టీన్):

తిండికి అసలు దిగులు పడకండి. కరీబియన్ దీవులన్నిటిలో శాకాహారులకు ఇంతకన్నా అనువైన చోటు నాకు తెలియదు. పొద్దున్నే రోడ్డు పక్కన ఎక్కడ జనం మూగితే అక్కడ డబుల్స్ దొరుకుతాయి. పసుపు వేసి వేయించిన రెండు మెత్తని బరాల (చిన్న రొట్టెల) మధ్య కాబూలీ శనగల కూర పెట్టి, చింతపండు పచ్చడి, దోసకాయ, షాడో బెనీ అనే కొత్తిమీర వాసన గల ఆకు పచ్చడి వేసి కాగితంలో చుట్టి ఇస్తారు. అమ్మేవారు మొదట అడిగేది కారం సంగతే. "స్లైట్" అంటే కొద్దిగా అని. మనం ఆంధ్రులం కదా అని ధీమాగా ఎక్కువ వేయమంటే కళ్ల వెంట నీళ్లు తిరుగుతాయి, ఇక్కడి స్కార్పియన్ మిరప మామూలుది కాదు. ఈ డబుల్స్ 1930లలో ప్రిన్సెస్ టౌన్‌లో పుట్టాయని చెబుతారు, అది కూడా మీరు వెళ్లే దక్షిణ ప్రాంతమే.

సాన్ ఫెర్నాండో దాటాక డెబే కూడలిలో వరుసగా తినుబండారాల దుకాణాలు ఉంటాయి. చేమాకుతో చేసే సాహినా, ఫులౌరీ, ఆలూ పై, బైగనీ అన్నీ శాకాహారమే. మన పకోడీలకు దగ్గరి చుట్టాలు అనుకోండి. నూనెలో చేపలు వేయించలేదు కదా అని ఒకసారి అడగండి, విసుక్కోరు. రోటీ దుకాణంలో గుమ్మడికాయ కూర, బొబ్బర్లు, మామిడికాయ కూర, చేమాకు పప్పు లాంటిది అడిగి పెట్టించుకోవచ్చు. దాల్‌పూరీ అంటే మన పూరీ కాదు, ఉడికించి పొడి చేసిన బఠాణీ పప్పు కూరిన పెద్ద రొట్టె. బస్ అప్ షట్ అంటే చిరిగిన చొక్కా అని అర్థం, పరాఠాను పీలికలు చేసి పెడతారు. గుళ్లలో పూజ జరిగే రోజైతే వెళ్లినవారందరికీ భోజనం పెడతారు, మొహమాటపడకుండా కూర్చోండి.

కారు విషయం. ఇక్కడ ఇండియాలో లాగే ఎడమవైపున నడుపుతారు. పెద్దవాళ్లు ఉన్నారు కాబట్టి డ్రైవరుతో సహా రోజు లెక్కన మాట్లాడుకోవడమే హాయి. ఒంటరిగా తిరిగేవారికైతే ఆకుపచ్చ గీత ఉన్న మాక్సీ టాక్సీలు (అందరూ కలిసి ఎక్కే మినీ బస్సులు) పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నుంచి షగ్వానాస్, సాన్ ఫెర్నాండోలకు నడుస్తాయి. పోర్ట్ ఆఫ్ స్పెయిన్, సాన్ ఫెర్నాండోల మధ్య సముద్రం మీదుగా వాటర్ టాక్సీ పడవ కూడా ఉంది. ప్రధానంగా ఉద్యోగులకు ఉద్దేశించినది కనుక వారాంతపు వేళలు ముందే చూసుకోవాలి.

భద్రతను తేలికగా తీసుకోమని చెప్పను. ముఠాల హింస వల్ల 2024 డిసెంబరు చివర అత్యయిక స్థితి కూడా ప్రకటించారు. ఆ గొడవలు చాలావరకు కొన్ని పేటలకు పరిమితమైనా, చీకటి పడ్డాక ఊరు కాని ఊళ్లో తిరగవద్దు, నగలు ధరించి మార్కెట్లకు వెళ్లవద్దు. కరోనీ పడవ దిగేసరికి చీకటి పడుతుంది, డ్రైవరును అక్కడే ఉండమనండి. నైరుతి కొసన ఉన్న సెడ్రోస్, ఇకాకోస్ కొబ్బరి తోటలు, తీరాలు అందమైనవే కానీ వెనిజులా కూతవేటు దూరంలో ఉండటంతో అక్రమ రవాణా సాగుతుంటుంది. పగటిపూట, తెలిసినవారి తోడుతో అయితేనే వెళ్లండి. మీ ప్రయాణంలో దాన్ని వదిలేయడమే మంచిదని నా అభిప్రాయం.

పాతబస్తీ:

చరిత్ర మాస్టారు గారి కోసం నాది ఒక చేర్పు. సాన్ ఫెర్నాండోలో 1884 ముహర్రం ఊరేగింపు మీద పోలీసులు కాల్పులు జరిపారు, చాలామంది చనిపోయారు. అక్కడ ముహర్రంను హొసే అంటారు. మన పీర్ల పండుగలాగే ఊరేగింపులో హిందువులు కూడా పాల్గొనేవారు. తోటల కూలీలు మతం చూడకుండా ఒక్కచోట చేరడమే దొరలకు భయం పుట్టించిందని చరిత్రకారులు అంటారు. ఫైజాబాద్‌లో 1937 జూన్ 19న చమురు కార్మికుల తిరుగుబాటు మొదలైంది. ఆ దేశపు కార్మిక దినం మే 1 కాదు, జూన్ 19. దారిలోనే పడుతుంది కాబట్టి కూడలిలో ఆగి చూడవచ్చు.

శిలాజీవి:

చరిత్ర అంటే ఇంకా వెనక్కి వెళ్లాలంటే పెనాల్ దగ్గర బన్వారీ ట్రేస్ ఉంది. దాదాపు 7,000 ఏళ్ల నాటి మనుషుల ఆనవాళ్లు అక్కడ బయటపడ్డాయి; వెస్టిండీస్‌లో అత్యంత పాతవాటిలో అదొకటి. 1969లో ఒక అస్థిపంజరం కూడా దొరికింది. అయితే అక్కడికి వెళ్తే చూడటానికి పొదలు, ఒక దిబ్బ తప్ప మరేమీ ఉండదు. దారిలో తలచుకుంటే చాలు.

ప్రిన్సెస్ టౌన్ వైపు వెళ్తే డెవిల్స్ వుడ్‌యార్డ్ అనే బురద ఉబికే దిబ్బ చూడండి. 1852లో పేలిందని నమోదైంది. చిన్న చిన్న శంకువుల కొనల్లో బూడిదరంగు బురద బుడగలుగా లేచి పగులుతుంది. వేడిగా ఉండదు, చల్లగానే ఉంటుంది. కారు దగ్గర నుంచి నాలుగు అడుగులు వేస్తే చాలు కాబట్టి మోకాళ్లకు శ్రమ లేదు.

దత్తపాదుక:

మార్చి నెలాఖరు అన్నారు కదా, గుడ్ ఫ్రైడే మీ ప్రయాణంలో పడుతుందేమో చూసుకోండి. పడితే సిపారియాను అసలు వదలవద్దు. అక్కడి కేథలిక్ చర్చిలో లా దివినా పాస్తోరా అనే మేరీమాత విగ్రహం ఉంది. నల్లని మేను, ఉత్సవాలకు రకరకాల దుస్తులు, నగలు. హిందువులు ఆమెను సిపారీ మాయి అని పిలుస్తారు, కొందరు కాళికగా కొలుస్తారు. గుడ్ ఫ్రైడేకు ముందురోజు సాయంత్రం నుంచి మరునాటి దాకా హిందువులు వేల సంఖ్యలో వచ్చి బియ్యం, నూనె, పూలు సమర్పిస్తారు. పిల్లలకు పుట్టువెంట్రుకలు కూడా అక్కడే తీయిస్తారు. చర్చి ఆవరణలో తల్లి ఒళ్లో పసివాడు గుక్కపెట్టి ఏడుస్తుంటే, మంగలి కత్తెరతో మొదటి జుట్టు తీస్తుంటాడు, మేనత్తలు దాన్ని రొట్టెపిండి ముద్దలో పట్టుకుంటారు. తిరుపతికో, ఇంటి ఇలవేల్పు గుడికో వెళ్లి ఆ పని చేసే మనకు ఇందులో వింతగా తోచేది ఒక్కటే, అక్కడ ఉన్నది మేరీమాత. చర్చివారు ఒకప్పుడు ఈ ఆచారాన్ని మాన్పించాలని చూసినా వీలుపడలేదు.

మెతుకుసీమ:

ఈస్టరుకు ముందు వారమైతే ఇంకొకటి గుర్తుంచుకోండి. గుడ్ ఫ్రైడే నాడు దుకాణాలు చాలావరకు మూసేస్తారు, ఆ రోజు సముద్రస్నానం చేస్తే చేపలవుతారని పాతకాలం వాళ్లు నమ్ముతారు. పిల్లలు ఉంటే బీచి కార్యక్రమం మరో రోజుకు పెట్టుకోండి. పాయింట్ ఆ పియెర్‌లోని వైల్డ్ ఫౌల్ ట్రస్టుకు కూడా ముందే అనుమతి తీసుకోవాలి. 1966లో మొదలైన పక్షి సంరక్షణ కేంద్రం అది, 2018లో మూతపడిన చమురు శుద్ధి కర్మాగారం ఆవరణలో ఉంది. ఒకవైపు తుప్పుపట్టిన గొట్టాలు, మరోవైపు తామరలు పూసిన చెరువులు, నీలం పసుపు రంగుల మకావ్ చిలుకలు. చెరువు గట్టు వెంట బల్లలు వేసి ఉంటాయి. మీ నాన్నగారు కూర్చుని చూడదగిన చోటు ఇదే.

గోదారిగట్టు:

గుడ్ ఫ్రైడే మా తేదీల్లోనే పడుతోంది. అమ్మ సిపారియా సంగతి విన్నప్పటి నుంచి వేరే దేనినీ పట్టించుకోవడం లేదు. షగ్వానాస్‌లో బస, ఒక సాయంత్రం కరోనీ, ఒక ఉదయం కారపిచైమా, వాటర్‌లూ, ఒక రోజు లా బ్రే, దారిలో పాయింట్ ఆ పియెర్, చివర గురువారం సాయంత్రం సిపారియా. ఇది సరిపోతుందా? షగ్వానాస్‌లో ప్రత్యేకంగా చూడదగినది ఏమైనా ఉందా? వీసా సంగతి కూడా ఎవరైనా చెప్పగలరు.

కుసుమ (సెయింట్ ఆగస్టీన్):

బాగా సరిపోతుంది. లా బ్రే, పాయింట్ ఆ పియెర్ రెండూ ఒకే రోజు పెట్టుకుంటే తారు సరస్సు ముందు, చెరువులు మధ్యాహ్నం చూడండి. సాన్ ఫెర్నాండో దగ్గర సాయంత్రం ట్రాఫిక్కు విసిగిస్తుంది.

షగ్వానాస్ మెయిన్ రోడ్డు మీద లయన్ హౌస్ ఉంది, అసలు పేరు ఆనంద భవన్. పండిత్ కపిల్‌దేవ్ 1926లో ఉత్తర భారత హవేలీల తీరులో కట్టించాడు. నోబెల్ బహుమతి పొందిన వి.ఎస్. నైపాల్‌కు ఆయన మాతామహుడు. నైపాల్ 1932లో పుట్టింది షగ్వానాస్‌లోనే. బయటి నుంచే చూడాలి, చుట్టూ బట్టల దుకాణాలు, హారన్ల మోత. కొంచెం దక్షిణంగా చేజ్ విలేజ్‌లో రోడ్డు పక్కన కుమ్మరుల దుకాణాలు వరుసగా ఉంటాయి. దీపావళికి దేశమంతా వెలిగించే మట్టి ప్రమిదల్లో చాలాభాగం ఇక్కడివే. తిరిగే సారెపై పని చేస్తుండగా చూడనిస్తారు.

వీసా విషయంలో, భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి తక్కువ కాలపు పర్యటనకు ముందస్తు వీసా అక్కరలేదు, అయినా బయలుదేరే ముందు అధికారిక సైటులో సరిచూసుకోండి. టొరంటో నుంచి నేరుగా వచ్చే విమానమే తీసుకోండి. అమెరికాలో మారితే అమెరికా వీసా తప్పదు. అమ్మానాన్నల కెనడా వీసా మళ్లీ ప్రవేశానికి చెల్లుతుందో లేదో అన్నిటికన్నా ముందు చూడండి.

గురువారం సిపారియాకు డ్రైవరును ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. ఆ రాత్రి దక్షిణానికి బండి దొరకడం కష్టం, చర్చి వీధి దాకా కార్లు రానివ్వరు కాబట్టి మీ నాన్నగారికి మడిచే చిన్న కుర్చీ ఒకటి వెంట ఉంచండి.